భాగం – 6: స్వయంనిర్మిత విమానంలో వైర్లకు, భాగాలకు లేబుళ్లు వేయడం

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు ఈ పనులు చేయగలుగుతారు:
• విమానంలో ప్రతి వైరుకూ గుర్తింపు ఎందుకు అవసరమో వివరించడం
• వైరు మీది గుర్తింపు సంఖ్యను విడదీసి చదవడం
• లేబుల్ ఎక్కడ, దేనితో, ఏ వరుసలో వేయాలో చెప్పడం
• గొట్టాలు, రివెట్లు, కాక్‌పిట్ మీటల గుర్తులను అర్థం చేసుకోవడం
• గుర్తులు లేకపోవడం ప్రమాదానికి ఎలా దారి తీస్తుందో ఒక వాస్తవ సంఘటన ఆధారంగా చర్చించడం

6.1 పరిచయం

గత భాగంలో మీరు విమానపు విద్యుత్ వలయాలను గురించి చదివారు. బ్యాటరీ నుంచి, ఆల్టర్నేటర్ నుంచి కరెంటు ఎలా పంపిణీ అవుతుందో తెలుసుకున్నారు. ఈ భాగంలో ఆ వలయాలకు పేర్లు పెట్టే పద్ధతిని నేర్చుకుంటాం. చూడడానికి ఇది చిన్న పని. కాని విమానం ఎగిరినంత కాలమూ ఉపయోగపడే పని ఇదే.

విమానాన్ని కర్మాగారంలో కాక ఇంటి షెడ్డులో, సొంత చేతులతో కట్టుకునే సంప్రదాయం అమెరికాలో బాగా వేళ్లూనింది. 1953లో పాల్ పోబరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇలాంటి నిర్మాతలను ఒక చోటికి చేర్చింది. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ 1973లో ప్రారంభించిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ కిట్లతో కట్టిన విమానాలు ఇప్పటికి పది వేలకు పైగా గాలిలోకి లేచాయి. విమానంలో ప్రధాన భాగాన్ని ఔత్సాహికులు తమ విద్య కోసమో, వినోదం కోసమో స్వయంగా నిర్మించాలన్నది అక్కడి నిబంధన. వాడుకలో దీన్ని 51 శాతం నియమం అంటారు.

కర్మాగారంలో తయారైన విమానానికి కంపెనీ ముద్రించిన వైరింగ్ చిత్రాలు ఉంటాయి. ఒకే నమూనాలో వందల విమానాలు ఉంటాయి కాబట్టి ఒకదాన్ని ఎరిగిన మెకానిక్కు మిగిలినవీ తెలుస్తాయి. స్వయంనిర్మిత విమానం అలా కాదు. ఒకే కిట్టు కొన్న ఇద్దరు రెండు రకాలుగా వైర్లు లాగుతారు. అందువల్ల ఆ విమానానికి సంబంధించిన సమాచారం రెండే చోట్ల ఉంటుంది: నిర్మాత తలలో, నిర్మాత వేసిన లేబుళ్లలో. మొదటిది కాలంతో పాటు చెరిగిపోతుంది. రెండోది చెరిగిపోకుండా చూసుకోవడం మన చేతిలో పని.

6.2 లేబుల్ ఎవరి కోసం?

ఈ ప్రశ్నకు ముగ్గురు పాఠకులను దృష్టిలో పెట్టుకుని సమాధానం చెప్పుకోవాలి.

మొదటి పాఠకుడు నిర్మాతే. ఒక విమానం కట్టడానికి సాధారణంగా కొన్నేళ్లు పడుతుంది. మొదటి ఏడాది రెక్కలో వేసిన వైరును మూడో ఏడాది ప్యానెల్‌కు కలపవలసి వస్తుంది. అప్పటికి రెక్క మొదట్లోంచి ఒకే రంగు వైర్లు పది బయటికి వేలాడుతూ ఉంటే ఏది దేనిదో ఎవరు చెప్పగలరు?

రెండో పాఠకుడు తరువాతి యజమాని, అతని మెకానిక్. అమెరికా నిబంధనల ప్రకారం స్వయంనిర్మిత విమానాన్ని ప్రతి 12 నెలలకూ ఒకసారి తనిఖీ చేయించాలి. విమానాన్ని కట్టిన వ్యక్తి తగిన ధ్రువపత్రం పొంది ఆ తనిఖీ తానే చేసుకోవచ్చు. విమానం అమ్మితే ఆ హక్కు కొన్నవారికి బదిలీ కాదు. ఆ విమానాన్ని ఎన్నడూ చూడని లైసెన్సుదారు మెకానిక్ వచ్చి తనిఖీ చేయాలి. అతనికి దారి చూపేది లేబులే.

మూడో పాఠకుడు గాలిలో ఉన్న పైలట్. కాక్‌పిట్‌లో వైరు కాలిన వాసన వచ్చిందనుకోండి. ఏ సర్క్యూట్ బ్రేకర్ లాగాలో అతనికి క్షణాల్లో తెలియాలి. చిత్రం తెరిచి చూసే తీరిక ఉండదు.

మీ ఇంటి ఫ్యూజు బోర్డునే గుర్తు చేసుకోండి. ఏ ఫ్యూజు ఏ గదిదో రాసి లేకపోతే ఒక్కొక్కటే ఆపి చూస్తాం. ఇంట్లో అయితే కాసేపు చీకటి, అంతే. గాలిలో అలా ఒక్కొక్కటే ఆపి చూడడం కుదరదు.

6.3 వైరు సంఖ్యను చదవడం

అమెరికా సైనిక విమానాల ప్రమాణంలో రూపొందిన ఒక సంఖ్యా పద్ధతి పౌర విమానాల్లోనూ వాడుకలోకి వచ్చింది. స్వయంనిర్మిత విమానానికి దీన్ని తప్పనిసరిగా పాటించాలన్న నిబంధన లేదు. కాని ఏ మెకానిక్ అయినా గుర్తుపట్టే పద్ధతి కాబట్టి చాలామంది దీన్నే ఎంచుకుంటారు. వైరు మీద అక్షరాలు ఇంగ్లిషులోనే ఉంటాయి. ఇక్కడ వాటిని తెలుగు లిపిలో రాసుకుంటున్నాం.

ఉదాహరణకు ఒక వైరు మీద ‘ఎల్ 8 బి 20’ అని ఉందనుకోండి. దీనిలో నాలుగు అంశాలు ఉన్నాయి.

(అ) ఎల్ – వలయం చేసే పని. ఎల్ అంటే దీపాలు. పి అంటే డీసీ విద్యుత్ సరఫరా, ఇ అంటే ఇంజిన్ మీటర్లు, ఎఫ్ అంటే ఫ్లైట్ మీటర్లు, జె అంటే ఇగ్నిషన్, క్యూ అంటే ఇంధనం, ఆయిల్, ఆర్ అంటే రేడియో, డబ్ల్యూ అంటే హెచ్చరికలు. ఐ, ఓ అనే అక్షరాలను ఈ పద్ధతిలో వాడరు. ఎందుకో ఊహించగలరా? అవి 1, 0 అంకెల్లా కనిపిస్తాయి.

(ఆ) 8 – ఆ వలయంలో వైరు సంఖ్య.

(ఇ) బి – వైరు ముక్కను తెలిపే అక్షరం.

(ఈ) 20 – వైరు మందం, అమెరికన్ గేజిలో. ఈ గేజిలో అంకె పెరిగే కొద్దీ వైరు సన్నబడుతుంది. 20 కన్నా 22 సన్నని వైరు.

వైరు నేరుగా ఎర్తుకు, అంటే విమానపు లోహ శరీరానికి, వెళ్తుంటే చివర ‘ఎన్’ చేరుస్తారు.

సంఖ్య ఎప్పుడు మారుతుంది, అక్షరం ఎప్పుడు మారుతుంది? విద్యార్థులు తరచుగా తికమకపడే చోటు ఇదే. నియమం ఇది: రెండు వైర్లు ఒకే టెర్మినల్ దగ్గర లేదా ఒకే కనెక్టర్ పిన్ను దగ్గర కలిస్తే వాటి సంఖ్య ఒకటే, అక్షరం మాత్రం మారుతుంది. వాటి మధ్య స్విచ్, దీపం, బ్రేకర్ లాంటి పరికరం ఉంటే సంఖ్యే మారుతుంది.

ల్యాండింగ్ లైటు వలయానికి దీన్ని అన్వయిద్దాం.

• బ్రేకర్ నుంచి స్విచ్ వరకు: ఎల్ 7 ఎ 20
• స్విచ్ నుంచి రెక్క మొదట్లోని కనెక్టర్ వరకు: ఎల్ 8 ఎ 20
• కనెక్టర్ నుంచి దీపం వరకు: ఎల్ 8 బి 20
• దీపం నుంచి ఎర్తు వరకు: ఎల్ 9 ఎ 20 ఎన్

ఇప్పుడు దీపం వెలగలేదనుకోండి. స్విచ్ వేసి, దీపం దగ్గర 8 బి వైరు కొసన మల్టీమీటరు పెట్టి చూస్తారు. అక్కడ వోల్టేజి లేదు. కనెక్టర్ దగ్గర 8 ఎ కొసన చూస్తారు. అక్కడ ఉంది. అంటే లోపం కనెక్టర్‌లోనో, 8 బి ముక్కలోనో ఉందని తేలిపోయింది. 8 బి కొసన వోల్టేజి ఉండి కూడా దీపం వెలగకపోతే అనుమానం దీపం మీదికి, 9 ఎ ఎర్తు మీదికి మళ్లుతుంది. లేబుళ్లు లేకపోతే ఇదే పనికి రెక్క కింది మూతలన్నీ విప్పాలి.

రంగును మాత్రమే నమ్ముకోకూడదా? ఎర్తు వైరుకు నలుపు, సరఫరాకు ఎరుపు లాంటి అలవాట్లు మంచివే. కాని రంగులు కొన్నే, వైర్లు వందల్లో ఉంటాయి. ఇంజిన్ వేడికి, ఆయిల్ మరకలకు రంగు మారుతుంది. కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. కాబట్టి రంగు తోడుగా ఉండాలి, లేబుల్‌కు బదులుగా కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. ‘క్యూ 3 ఎ 22’ అనే వైరు ఏ వ్యవస్థకు చెందినది? 
2. ‘పి 5 ఎ 18 ఎన్’లో చివరి అక్షరం ఏమి తెలుపుతుంది?

6.4 లేబుల్ ఎక్కడ వేయాలి?

అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 1998లో వెలువరించిన 43.13–1బి అనే సలహా పత్రంలో ఇందుకు స్పష్టమైన కొలతలు ఉన్నాయి. వైరుకు రెండు కొసలా గుర్తు ఉండాలి. మధ్యలో 15 అంగుళాలకు, అంటే సుమారు 38 సెంటీమీటర్లకు, మించని దూరాల్లో గుర్తు మళ్లీ రావాలి. 3 అంగుళాల కన్నా పొట్టి వైరుకు గుర్తు అక్కర్లేదు. 3 నుంచి 7 అంగుళాల వైరుకు మధ్యలో ఒక గుర్తు చాలు.

అదే పత్రం మరో మాట చెబుతుంది: వైరు కట్టకు కట్టిన తాళ్లు, బిగించిన క్లాంపులు విప్పకుండానే గుర్తు చదవగలిగేలా ఉండాలి. ఈ ఒక్క వాక్యంలో లేబుల్ ధర్మమంతా ఉంది. చదవడానికి విప్పవలసి వస్తే, ఆ విప్పడమే కొత్త లోపానికి దారి కావచ్చు. లేబుల్‌ను టెర్మినల్‌కు రెండు మూడు అంగుళాల ఎడంలో, చదివేవారి వైపు తిప్పి పెట్టండి. క్లాంపు కిందికి పోనివ్వకండి.

6.5 దేనితో, ఏ వరుసలో?

వైరు మీద నేరుగా ముద్రించడం ఒక పద్ధతి. వేడి అచ్చుతో ముద్రించేటప్పుడు ఇన్సులేషన్ దెబ్బతినే అవకాశం ఉంది. రేడియో యాంటెన్నాకు వాడే కోయాక్సియల్ కేబుల్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. దాని ఇన్సులేషన్ నొక్కుకుపోతే కేబుల్ విద్యుత్ లక్షణాలే మారతాయి. అలాంటి వాటికి స్లీవ్ మీద గుర్తు వేయడం మేలు.

ఇంటి షెడ్డులో పని చేసేవారికి అనువైనది హీట్ ష్రింక్ స్లీవ్. ఇది వేడి తగిలితే ముడుచుకుని వైరును పట్టుకునే ప్లాస్టిక్ గొట్టం. చిన్న ప్రింటరుతో స్లీవ్ మీదే సంఖ్య ముద్రించవచ్చు. లేదా సన్నని కాగితం మీద సంఖ్య రాసి, వైరుకు చుట్టి, పైన పారదర్శకమైన స్లీవ్ తొడిగి ముడవవచ్చు. జిగురు పట్టీలను జెండాల్లా అంటించడం తేలిక. కాని ఇంజిన్ వేడికి జిగురు వదిలి పట్టీ రాలిపోతుంది.

పని వరుస ఇలా ఉండాలి:

1. ముందు పట్టికలో వైరు వివరం రాయండి. 
2. వైరు కోయగానే రెండు కొసలకూ లేబుల్ స్లీవ్ తొడగండి. 
3. వైరును దాని దారిలో లాగండి. 
4. కొసలకు టెర్మినళ్లు క్రింప్ చేయండి. 
5. మల్టీమీటరుతో రెండు కొసలూ ఒకే వైరువని సరిచూడండి. 
6. అప్పుడు మాత్రమే స్లీవ్‌ను వేడి చేసి ముడవండి.

ఈ వరుసకు కారణాలు ఉన్నాయి. టెర్మినల్ ముందే క్రింప్ చేస్తే స్లీవ్ దాని మీదుగా ఎక్కదు. సరిచూడక ముందే ముడిస్తే, పొరపాటు దొరికినప్పుడు స్లీవ్ కోయాలి. కోసే బ్లేడు ఇన్సులేషన్‌ను గాయపరచవచ్చు. ప్రయోగశాలలో నా విద్యార్థులకు నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: లేబుల్ లేని వైరు కన్నా తప్పు లేబుల్ ఉన్న వైరు ఎక్కువ ప్రమాదకరం. లేబుల్ లేకపోతే మనిషి అనుమానిస్తాడు, కొలిచి చూస్తాడు. తప్పు లేబుల్ ఉంటే నమ్ముతాడు.

గమనిక: వేడి గాలి పరికరాన్ని ఇంధన ట్యాంకుల దగ్గర, ఇంధన ఆవిరి ఉన్న చోట వాడకండి. వైరింగ్ పనికి ముందు బ్యాటరీ కనెక్షన్ తీసివేయండి.

6.6 వైర్ల పట్టిక

లేబుల్ ఒక పేరు మాత్రమే. ఆ పేరుకు అర్థం పట్టికలో ఉంటుంది. ఒక్కో వైరుకు ఒక్కో వరుస కేటాయించి ఈ వివరాలు రాయాలి: వైరు సంఖ్య, ఎక్కడి నుంచి, ఎక్కడికి, గేజి, రంగు, పని, రక్షణగా ఉన్న ఫ్యూజు లేదా బ్రేకర్ విలువ. కనెక్టర్ అయితే పిన్ను సంఖ్య కూడా రాయాలి.

ఫ్యూజు విలువ ఎందుకు? ఫ్యూజు కాపాడేది ప్రధానంగా వైరును. 22 గేజి వైరుకు 5 ఆంపియర్లు, 20 గేజి వైరుకు 7 ఆంపియర్లు అన్నది చిన్న విమానాలు కట్టేవారిలో వాడుకలో ఉన్న లెక్క. తరువాత ఎవరైనా కొత్త పరికరం కలిపి, ఫ్యూజు చాలక 15 ఆంపియర్లది పెడితే, ఫ్యూజు నిలుస్తుంది, వైరు కాలుతుంది. లేబుల్ మీద గేజి, పట్టికలో ఫ్యూజు విలువ ఉంటే ఆ తప్పు చేయబోయే చేయి ఆగుతుంది.

మార్పు చేసిన రోజే పట్టికను సవరించి తేదీ వేయండి. ఒక ప్రతి విమానపు పత్రాలతో పాటు, మరొకటి ఇంట్లో ఉంచండి.

6.7 గొట్టాలు, రివెట్లు, రేకులు

వైర్లకే కాదు, మిగతా భాగాలకూ తమ భాష ఉంది. విమానంలో ద్రవాలు, వాయువులు ప్రవహించే గొట్టాలకు రంగు పట్టీలు చుడతారు. ఇంధనానికి ఎరుపు, ఆయిల్‌కు పసుపు, హైడ్రాలిక్ ద్రవానికి నీలం–పసుపు, ఆక్సిజన్‌కు ఆకుపచ్చ. పట్టీ మీద రంగుతో పాటు పేరు, ఒక జ్యామితీయ గుర్తు కూడా ముద్రిస్తారు. రంగు పోల్చుకోలేని వ్యక్తి ఆకారాన్ని చూసి గుర్తుపడతాడు.

కొన్ని భాగాలు గుర్తును ఒంటి మీదే మోస్తాయి. ‘ఎఎన్ 470 ఎడి 4–5’ అనే రివెట్‌ను తీసుకోండి. 470 దాని గుండ్రని తల ఆకారాన్ని తెలుపుతుంది. ఎడి అంటే 2117 అనే అల్యూమినియం మిశ్రమం. 4 అంటే మందం 4/32, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. 5 అంటే పొడవు 5/16 అంగుళం. ఎడి రివెట్ తల మధ్యలో చిన్న గుంట ఉంటుంది. మెత్తని అల్యూమినియంతో చేసిన ఎ రకం రివెట్ తల నున్నగా ఉంటుంది. ఒకే డబ్బాలో రెండూ కలిసిపోతే వేరు చేసేది ఆ గుంటే. బరువు మోసే చోట మెత్తని రివెట్ పడితే ఆ అతుకు బలం తగ్గిపోతుంది.

అల్యూమినియం రేకుల మీద భాగం పేరు రాయడానికి మామూలు పెన్సిలు వాడకూడదు. అందులోని గ్రాఫైట్ తేమతో కలిసినప్పుడు లోహం తుప్పు పట్టడానికి కారణమవుతుంది. మొనతో గీసి రాయడమూ తగదు. ఆ గీత దగ్గర ఒత్తిడి చేరి పగులు మొదలవుతుంది. ఫెల్ట్ మార్కరుతో రాయడం క్షేమం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. టెర్మినల్ క్రింప్ చేయక ముందే స్లీవ్ ఎందుకు తొడగాలి? 
4. ఎడి రివెట్‌ను చూడగానే ఎలా గుర్తుపడతారు?

6.8 కాక్‌పిట్ గుర్తులు: ఒక ప్రమాదం నేర్పే పాఠం

1997 అక్టోబర్ 12న అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో, పసిఫిక్ గ్రోవ్ సమీపాన, లాంగ్–ఈజెడ్ రకం స్వయంనిర్మిత విమానం సముద్రంలో కూలింది. అందులో ఒంటరిగా ప్రయాణిస్తున్న ప్రసిద్ధ గాయకుడు జాన్ డెన్వర్ మరణించారు. ఆ విమానాన్ని కట్టింది ఆయన కాదు. కొద్ది కాలం క్రితమే దాన్ని కొన్నారు.

లాంగ్–ఈజెడ్‌ను రూపొందించిన బర్ట్ రుటాన్ నమూనాలో ఇంధన ట్యాంకును మార్చే మీట పైలట్ ముందు ఉంటుంది. ఈ విమానం నిర్మాత దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక అమర్చారు. ఇంధన గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదన్నది ఆయన ఉద్దేశం. అయితే ఆ మీటకు ఏ స్థానం ఏ ట్యాంకుదో తెలిపే గుర్తులు లేవు. ఇంధన మట్టం చూపే మాపకాల మీద కూడా గుర్తులు లేవు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు ఏమి తేల్చింది? మీటను తిప్పే ప్రయత్నంలో పైలట్ ధ్యాస మళ్లి, తెలియకుండానే కుడి రడ్డర్ తొక్కడం వల్ల విమానం అదుపు తప్పింది. బయలుదేరే ముందు ఇంధనం నింపుకోకపోవడమూ కారణమే. గుర్తులు లేని మీటను అందని చోట పెట్టడం, గుర్తులు లేని ఇంధన మాపకాలు, ఆ రకం విమానంలో పైలట్‌కు తగిన శిక్షణ, అనుభవం లేకపోవడం ప్రమాదానికి దోహదం చేసిన అంశాలు.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించండి. లేబుల్ ఒక్కటి ఉంటే ప్రమాదం తప్పేదని మండలి అనలేదు, మనమూ అనకూడదు. ప్రమాదానికి సాధారణంగా ఒకే కారణం ఉండదు. ఒకదానికొకటి తోడైన కారణాల గొలుసు ఉంటుంది. ఆ గొలుసులో అతి తక్కువ ఖర్చుతో తెంచగలిగిన లింకు మాత్రం ఆ గుర్తులే. కట్టినవారికి ఏ స్థానం ఏమిటో తెలుసు కాబట్టి గుర్తు అనవసరంగా తోచవచ్చు. కాని విమానం చేతులు మారింది, ఆ తెలివిడి చేతులు మారలేదు.

దీని నుంచి మూడు సూత్రాలు గ్రహించవచ్చు. ఒకటి, పైలట్ ముట్టుకునే ప్రతి మీటకూ పేరు, ప్రతి స్థానానికీ గుర్తు ఉండాలి. రెండు, మీట కదిలే దిశకూ, జరిగే పనికీ పొంతన ఉండాలి. ఎడమకు తిప్పితే ఎడమ ట్యాంకు రావాలి. మూడు, కంటితో చూడకుండానే గుర్తుపట్టే వీలుండాలి. థ్రాటిల్ గుబ్బ నలుపు, ప్రొపెల్లర్‌ది నీలం, మిశ్రమానిది ఎరుపు రంగులో ఉండడమే కాక, వాటి ఆకారాలు కూడా వేరువేరుగా ఉండేది ఇందుకే.

6.9 నిబంధనలు కోరే గుర్తులు

పైన చెప్పినవి చాలావరకు మంచి అలవాట్లు. కొన్ని గుర్తులు మాత్రం అమెరికా నిబంధనల ప్రకారం తప్పనిసరి. నిర్మాత పేరు, నమూనా, క్రమసంఖ్య ఉన్న, మంటకు చెక్కుచెదరని లోహపు ఫలకం విమానానికి బిగించాలి. లోపలికి ఎక్కే ద్వారం దగ్గర ‘ఎక్స్‌పెరిమెంటల్’ అనే పదం 2 నుంచి 6 అంగుళాల ఎత్తు అక్షరాలతో ఉండాలి. ఇది ఔత్సాహికులు కట్టిన విమానమనీ, ప్రామాణిక విమానాల భద్రతా నిబంధనలకు లోబడినది కాదనీ ప్రయాణికుడికి కనిపించే హెచ్చరిక లోపల ఉండాలి. ఎక్కబోయే మనిషికి నిజం చెప్పడమే ఈ గుర్తు పని.

6.10 సారాంశం

స్వయంనిర్మిత విమానం ప్రతిదీ ఒక ప్రత్యేక విమానం. దాని సమాచారం లేబుళ్లలో, పట్టికలో లేకపోతే నిర్మాతతోనే పోతుంది. వైరు సంఖ్యలో వలయం పని, వైరు సంఖ్య, ముక్క అక్షరం, గేజి ఉంటాయి. రెండు కొసలా, మధ్యలో 15 అంగుళాలకు మించని దూరాల్లో గుర్తు ఉండాలి. కట్ట విప్పకుండా చదవగలగాలి. సరిచూసిన తరువాతే లేబుల్‌ను స్థిరపరచాలి. కాక్‌పిట్ మీటలకు గుర్తులు పైలట్ ధ్యాసను కాపాడతాయి.

6.11 ‘మీ ప్రగతిని సరిచూసుకోండి’ – సమాధానాలు

1. ఇంధనం, ఆయిల్ వ్యవస్థకు. 
2. ఆ వైరు ఎర్తుకు వెళ్తుందని. 
3. తరువాత స్లీవ్ టెర్మినల్ మీదుగా ఎక్కదు కాబట్టి. 
4. తల మధ్యలోని చిన్న గుంటను బట్టి.

6.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. వైరు గుర్తింపు సంఖ్యలోని అంశాలను ల్యాండింగ్ లైటు వలయం ఆధారంగా వివరించండి.
2. 1997 లాంగ్–ఈజెడ్ ప్రమాదం నుంచి విమాన నిర్మాతలు నేర్చుకోవలసిన పాఠాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. లేబుల్ లేని వైరు కన్నా తప్పు లేబుల్ ఉన్న వైరు ఎందుకు ప్రమాదకరం?
2. వైర్ల పట్టికలో ఫ్యూజు విలువ ఎందుకు రాయాలి?

III. అభ్యాసం
మీ ఇంటి ఫ్యూజు బోర్డుకు ఒక పట్టిక తయారు చేయండి. ఏ స్విచ్ దేనిదో, ఎన్ని ఆంపియర్లదో రాయండి. బోర్డు మూత తెరవకండి. బయటి స్విచ్‌లు ఆపి, వేసి చూస్తే చాలు. పట్టికను ఇంట్లో మరొకరికి ఇచ్చి, మీరు పక్కన లేకుండా వంటగది దీపాన్ని ఆపమనండి. వారు ఎవరినీ అడగకుండా ఆపగలిగితే మీ లేబుళ్లు సరిగా ఉన్నట్లు.